బూజు పట్టిన పుదీనా

ఎండబెట్టిన పుదీనా వాసన ఈ రోజుకీ నాకు పడదు. కోడళ్లు చారులో ఇంత నలిపి వేస్తే లేచి అవతలికి పోతాను. ముసలిదానికి వేషాలెక్కువని అనుకుంటారు. అనుకోనీ.

అప్పట్లో మేము నాంపల్లి స్టేషను వెనక ఒక సందులో కిరాయికి ఉండేవాళ్లం. మొజంజాహీ మార్కెట్టు కట్టిన కొత్త. నాయన ఒక దఫ్తరులో గుమాస్తా. ఇంట్లో అధికారం మాత్రం ఆయన్ని కన్న మా నాయనమ్మది. వాకిట్లో నల్లా నీళ్లు పారే చోట ఆమె పుదీనా పెంచేది. ఎండాకాలం చివర, పూత రాకముందే కోయించి, ఆకు దూసి, కడిగి, వసారాలో పాత ధోతి మీద నీడకు ఆరబెట్టించేది. ఎండలో వేస్తే ఆకు నల్లబడి వాసన పోతుందని ఆమె పట్టు. రోజుకు నాలుగుసార్లు దాన్ని తిరగేసే పని నాది. పిడికిట్లో నలిపితే గలగలమని పొడి కావాలి. మెత్తగా ముడుచుకుంటే ఇంకా తడి ఉన్నట్టు. ఇది నాకు నేర్పింది ఆమే. సందులో ఎవరికి కడుపునొప్పి వచ్చినా మా జాడీలోంచి పిడికెడు ఆకు పోవలసిందే, ఆ పేరు నాయనమ్మకు రావలసిందే.

నేనప్పుడు ఏడో జమాతు చదువుతున్నాను. బడి ఆబిడ్స్ వైపు ఉండేది. పరదా కట్టిన ఎద్దుబండి సందు మొదట్లోకి వచ్చి మమ్మల్ని ఎక్కించుకొని పోయేది. మొదట ఆ బండిలో పదకొండు మందిమి. ఏడో జమాతుకు వచ్చేసరికి నలుగురం మిగిలాం. ఆడపిల్ల పెద్దమనిషైతే బడి బంద్. ఎవరూ రాసిపెట్టిన కానూను కాదు గానీ, దాన్ని తప్పించుకున్న పిల్లను నేను చూడలేదు. నాకింకా కాలేదు. ఇంకొక్క ఏడాది గడిస్తే మిడిల్ పరీక్ష. అది పాసైతే నువ్వూ నాలాగే పిల్లలకు చదువు చెప్పుకోవచ్చని మా టీచరమ్మ చెప్పింది. అందాకా కాకుండా చూడమని రోజూ దేవుడికి మొక్కేదాన్ని.

ఆ ఏడు ఆకు ఆరేసిన రెండో రోజే మబ్బు పట్టింది. నలిపి చూశాను, పొడి కాలేదు. అమ్మ కూడా నలిపి చూసింది.

"ఇంక మెత్తగనే ఉన్నది అత్తమ్మా. రెండు దినాలు ఆగుదాం."

"తెల్లారితే అమాస. అమాసనాడు ఎవరన్న జాడీ నింపుతరా? నీకేం ఎరుక, ఊకో," అంది నాయనమ్మ.

అమ్మ ఊరుకుంది. ఊరుకోవడం ఆమెకు వెన్నతో పెట్టిన విద్య. నాయనమ్మ తన చేత్తోనే ఆకును జాడీలో కూరి, మూతికి గుడ్డ కట్టింది. నడుము నొప్పి కాబట్టి జాడీని మాత్రం నా చేత అటకెక్కించింది.

ఇరవై రోజుల తర్వాత పక్కింటావిడ కడుపునొప్పని వచ్చింది. జాడీ దింపింది కూడా నేనే. గుడ్డ విప్పగానే ముక్కిన వాసన గుప్పుమంది. పైనంతా తెల్లటి బూజు. పరాయి మనిషి ముందు నాయనమ్మకు తల కొట్టేసినట్టయింది. తప్పు తనదని ఒప్పుకునే అలవాటు ఆమెకు పుట్టుకతోనే లేదు. జాడీని చూసింది, తర్వాత నన్ను చూసింది.

"ముట్టు చెయ్యి తగిలింది," అంది.

ముట్టైన ఆడది తాకితే జాడీలో ఉన్నది చెడిపోతుందని మా ఇళ్లలో గట్టి నమ్మకం. అమ్మ ఆ మూడు రోజులూ దూరంగా కూర్చునేది, అది అందరికీ తెలిసేది. నాయనమ్మకు ముట్టు ఏనాడో ఆగిపోయింది. ఇక జాడీ తాకినదాన్ని నేనొక్కదాన్నే.

"ఎన్ని దినాల సంది దాస్తున్నవే? బడి బంద్ అయితదనే గదా?"

"నాకు కాలేదు నాయనమ్మా. ఒట్టు."

"మరి గీ బూజు ఎట్ల వచ్చింది?"

నేను అమ్మ వైపు చూశాను. ఆకు తడిగా ఉందని ఆమెకు తెలుసు. నా బట్టలు ఉతికేది ఆమే, నాకేమీ కాలేదని అంతకన్నా బాగా తెలుసు. ఒక్క మాట అంటే చాలు. అమ్మ పక్కింటావిడకు వాము తెస్తానని లోపలికి పోయింది. నాయనమ్మ మీద నా కోపం ఎప్పుడో చల్లారింది. అమ్మ మీద చల్లారలేదు.

సాయంత్రం నాయన వచ్చి అంతా విన్నాడు. "మా అమ్మ చెప్పినంక ఇంకేముంటది," అని కాళ్లు కడుక్కోవడానికి పోయాడు. నాలుగు రోజులు బడి బండి సందు మొదట్లో ఆగి పోయింది. ఐదో రోజు బండి వెంట వచ్చే బడి ఆయా ఇంటికే వచ్చి అడిగితే, "పెద్దమనిషైంది, తోలం," అంది నాయనమ్మ. దాచిన పాపానికి నాకు వేడుక చెయ్యలేదు, పేరంటం పిలవలేదు. నా పుస్తకాలు బండిలో మిగిలిన ముగ్గురిలో ఒకదానికి ఇచ్చేశారు. వానాకాలమంతా నేను వాకిట్లో ఆకులు దూస్తూ కూర్చున్నాను.

దసరా దాటాక ఒక పొద్దున నాకు నిజంగానే అయింది. భయపడాల్సింది పోయి సంబరపడ్డాను. నేను అబద్ధం చెప్పలేదనడానికి ఇంతకన్నా రుజువేం కావాలి? నల్లా దగ్గర గిన్నెలు తోముతున్న అమ్మ దగ్గరికి పరుగెత్తాను.

"అమ్మా, నాకు ఇప్పుడైంది. అప్పుడు కాలేదని నీకెరుకే గదా. నాయనమ్మకు చెప్పు. నన్ను మల్ల బడికి తోలమను."

అమ్మ చేతుల బూడిద కడుక్కొని, ఇన్ని నెలల్లో మొదటిసారి నా మొహంలోకి చూసింది.

"ఇప్పుడెట్ల తోలుతరు బిడ్డా? ఇప్పుడు నిజంగనే అయితివి గదా."