తల పగిలితే రెండు నిమిషాలా?

మంగళవారం ఉదయం వాటర్లూలో ట్రామ్ కోసం నిలబడి ఉండగా ఆంటీ ఫోన్ చేశారు. "అంకుల్ లేరమ్మా" అన్నారు. ఆదివారం గుండెనొప్పితో హాస్పిటల్లో చేర్చారట. సోమవారం బాగానే మాట్లాడారట. తెల్లవారి నర్సు వచ్చి చూసేసరికి అంతా అయిపోయింది. ఒక్కో ముక్కా ఆగి ఆగి చెప్పారామె. నేను ఎక్కాల్సిన ట్రామ్ వచ్చి వెళ్లిపోయింది. దాని తర్వాతదీ వెళ్లిపోయింది.

ఆయన నాకు బంధువు కారు. హామిల్టన్‌లో చదువుకున్న రెండేళ్లూ వాళ్లింటి బేస్‌మెంట్‌లో అద్దెకున్నాను. విమానాల నిండా మనవాళ్లే కెనడాలో దిగుతున్న రోజులవి. మా కాలేజీలో ఒక్కో క్లాసులో సగం మంది తెలుగే మాట్లాడేవాళ్లం. నేను నల్గొండ వైపు నుంచి వచ్చాను. ఆయన విశాఖ మనిషి. హామిల్టన్ ఉక్కు ఫ్యాక్టరీలో ఇరవై ఏడేళ్లు క్రేన్ నడిపి రిటైరయ్యారు. మీలో కొందరు ఆయన్ని ఉగాది ఫంక్షన్లలో చూసే ఉంటారు. భోజనాల లైన్లో మీ ముందు నిలబడి, మీరు అడగకపోయినా, నిన్నటి ఆటలో రిఫరీ ఎక్కడ తప్పు చేశాడో చెప్పిన పెద్దాయన ఆయనే.

ఆటలంటే ఆయనకు మూడే. హాకీ, బాస్కెట్‌బాల్, బేస్‌బాల్. హాకీ అంటే మనం స్కూల్లో చూసినది కాదు, కాళ్లకు స్కేట్లు కట్టుకుని మంచు మీద ఆడేది. ఒకరినొకరు గుద్దుకోవడం అందులో ఆటలో భాగమే. వచ్చిన మొదటి వారం ఆంటీ నన్ను టీకి పైకి పిలిచారు. టీవీలో హాకీ నడుస్తోంది. ఒకడు దూసుకొచ్చి ఇంకొకడి తలను మైదానం చుట్టూ ఉండే చెక్కగోడకేసి కొట్టాడు. దెబ్బ తిన్నవాడు మంచు మీద పడిపోయాడు. అంకుల్ వెంటనే టీవీ నోరు నొక్కేసి లేచి నిలబడ్డారు. పడినవాడు కదిలి, మోకాళ్ల మీదికొచ్చి, ఇద్దరి భుజాల మీద చేతులు వేసుకుని బయటికెళ్లేదాకా ఆయన కూర్చోలేదు. కొట్టినవాణ్ణి రిఫరీ రెండు నిమిషాలు పక్కన కూర్చోబెట్టాడు. ఆ తప్పుకు అక్కడ మామూలుగా వేసే శిక్ష అంతే.

"రెండు నిమిషాలు" అన్నారు అంకుల్ నా వైపు తిరిగి. "తల పగలగొట్టినందుకు. మా ఫ్యాక్టరీలో హెల్మెట్ పెట్టుకోడం మర్చిపోతేనే మూడ్రోజులు ఇంటికి పంపీవారమ్మా."

నాకు ఆట అర్థం కాలేదు గానీ ఆ కోపం అర్థమైంది. తర్వాత ఆయన పక్కన కూర్చునే మూడు ఆటలూ నేర్చుకున్నాను.

ఆయన అభిప్రాయాలు ఎవరికీ నచ్చేవి కావు. బాస్కెట్‌బాల్‌లో పెద్ద ఆటగాళ్లు ఈమధ్య అలసట పేరు చెప్పి మధ్యమధ్యలో ఆటలు మానేస్తున్నారు. అంత డబ్బు తీసుకుని కూర్చుంటారా అని ఊరంతా తిట్టేది. అంకుల్ మాత్రం "కూర్చోనీండి. ఒంట్లో బాలేదంటే కూర్చోమన్న కోచ్ ఒక్కడే ఆ బిల్డింగులో మనిషి" అనేవారు. బేస్‌బాల్‌లో బంతి విసిరేవాడి వేగాన్ని మిషన్‌తో కొలిచి తెర మీద వేస్తారు. ఆ అంకె కనపడితే చాలు, ఆయన ముఖం చిట్లించేవారు. "ఆ నంబర్ కోసం పాతికేళ్లు నిండకుండా మోచేతులు తెంపుకుంటన్నారు. ఎవడి చెయ్యి తెగితే వీళ్లకేటి, ఇంకోడు లైన్లో ఉంటాడు." విసిరేవాడు ఇన్ని సెకన్లలోనే విసరాలని ఆ ఆటకు గడియారం పెట్టిన విషయం ఎత్తితే చాలా బాధపడేవారు. మనిషికి ఆలోచించుకోడానికి వ్యవధినిచ్చే ఆట లోకంలో అదొక్కటే ఉండేదట, దాన్నీ తరమడం మొదలెట్టారట. ఇక టొరంటో హాకీ జట్టు ప్రతి వసంతంలోనూ చివరి పోటీల్లో ఓడిపోయి ఇంటికొచ్చేది. దాన్నసలు తిట్టేవారు కారు. "ఓడిపోయినా అందరూ నడిచే ఇంటికెళ్లారు కదా" అనేవారు. తోటి అభిమానులు ఆయనకు మెత్తని అంకుల్ అని పేరు పెట్టారు. ఆయనకది తెలుసు.

రెండో చలికాలంలో నేను పడ్డాను. జనవరి, తెల్లవారుజామున షిఫ్టుకు వెళ్తున్నాను. బస్టాపు దగ్గర రాత్రి కురిసిన వాన గాజులా గడ్డకట్టి ఉంది. కాలు జారి వెల్లకిలా పడ్డాను. తల వెనక భాగం పేవ్‌మెంట్‌కు కొట్టుకుంది. లేచాను. బస్సెక్కాను. గోడౌన్‌లో ఎనిమిది గంటలు నిలబడి అట్టపెట్టెలు సర్దాను. చెప్పకపోవడానికి కారణం ఈ దేశంలో చదువుకున్న వాళ్లందరికీ తెలుసు. ఒక్కరోజు రాకపోతే నా షిఫ్టు ఇంకొకరికి ఇచ్చేస్తారు. జాబ్ ఫెయిర్ల దగ్గర వీధి మలుపు దాకా లైన్లు ఉన్న కాలమది.

సాయంత్రం ఇంటికొస్తుంటే గరాజ్ ముందు మంచు తవ్వుతూ అంకుల్ కనిపించారు. నిన్నటి ఆట గురించి ఏదో అన్నారు. నేను నవ్వి, "ఎవరు గెలిచిన్రు అంకుల్?" అన్నాను.

ఆయన పార ఆపేశారు. "నిన్న మనిద్దరం కలిసే చూశాం కదమ్మా. చివర్దాకా ఉన్నావు నువ్వు."

నాకు గుర్తు లేదు. ఆట మాత్రమే కాదు, నిన్న అనేదే నా తలలో దొరకలేదు.

"ఇవాళేటి వారం?"

చెప్పలేకపోయాను. ఆయన పార అక్కడే పడేసి, చేతి తొడుగు తీసి, నా తల వెనక వేళ్లతో మెల్లగా తడిమారు. బొప్పి తగిలింది.

"నేను మంచిగనే ఉన్న అంకుల్. కొంచెం పండుకుంటే అయిపోతది. శనివారం షిఫ్టుంది నాకు."

"లేదు" అన్నారు. ఆ గొంతు నేనంతకు ముందు వినలేదు. "శనివారం లేదు, ఆదివారం లేదు. కారెక్కు."

ఎమర్జెన్సీలో చాలా సేపు కూర్చున్నాం. గోడ మీద టీవీలో బాస్కెట్‌బాల్ వస్తోంది. ఆ వెలుతురు కళ్లలో గుచ్చుకుంటోందని చెప్పాను. ఆయన లేచి వెళ్లి రిసెప్షన్‌లో అడిగి టీవీ ఆపించారు. ఎదురుగా కూర్చున్నవాళ్లు గొణిగారు. ఆయన పట్టించుకోలేదు. వచ్చి నా పక్కన కూర్చుని, నేలకేసి చూస్తూ, తమ కొడుకు గురించి చెప్పారు. ఒక కొడుకున్నాడని, విమానంలో నాలుగు గంటల దూరంలోని కాల్గరీలో ఉంటాడని ఆంటీ అన్నారే తప్ప అంతకు మించి నాకు తెలియదు.

"పదహారేళ్లప్పుడు హాకీ ఆడీవోడు. జట్టు మొత్తానికి మనోడొక్కడే బ్రౌన్ పిల్లాడు. ఇండియన్ పిల్లలు మెత్తనని వెనకాల అనీవారు, నా చెవుల్తో విన్నాను. కాదని చూపించాలనుకునీవోణ్ణి. ఒక ఆటలో వాణ్ణి గోడకేసి కొట్టీశారు. లేచి కూర్చున్నాడు గానీ చూపు తేడాగా ఉంది. కోచ్ అడుగుతున్నాడు, ఆడతావా అని. వాడు కోచ్‌కేసి చూళ్లేదమ్మా, పైన కూర్చున్న నాకేసి చూశాడు."

కుడిచేతి బొటనవేలు పైకెత్తి చూపించారు.

"ఇలాగన్నాను. వెళ్లమని. ఇరవై నిమిషాలకి రెండో దెబ్బ తగిలింది."

ఆ రెండో దెబ్బతో ఆ అబ్బాయి జీవితం వేరే దారి పట్టింది. తలనొప్పులు తగ్గలేదు. వెలుతురు పడేది కాదు. యూనివర్సిటీ మధ్యలో వదిలేశాడు. పాతికేళ్లు రాకముందే కాల్గరీ వెళ్లిపోయి, రోజుకు నాలుగు గంటలు చేయగలిగిన పనేదో చేసుకుంటూ ఒంటరిగా ఉండిపోయాడు. వాళ్లమ్మతో మాట్లాడతాడు. తండ్రితో మాట్లాడడు.

"తిట్టలేదు నన్ను. ఒక్కసారీ తిట్టలేదు. తిట్టుంటే బాగుండీది."

నా మెదడు అదిరిందని డాక్టర్ చెప్పారు. రెండు వారాలు చీకటి గదిలో ఉండాలన్నారు. చదవకూడదు, ఫోన్ చూడకూడదు. ఉద్యోగం పోయింది, అనుకున్నట్టే. ఒక సెమిస్టర్ కూడా వెనకబడ్డాను. ఆ రెండు వారాలూ ఆంటీ పప్పుచారూ అన్నమూ కిందికి తెచ్చిపెట్టారు. అంకుల్ మధ్యాహ్నం పూట వచ్చి బేస్‌మెంట్ మెట్ల మీద కూర్చునేవారు. గదిలోకి వచ్చేవారు కాదు. ముందురోజు ఆటను అక్కడి నుంచే, గొంతు బాగా తగ్గించి, నాకు చెప్పేవారు. ఎవరు ఎవరికి అందించారు, ఎక్కడ జారింది, రిఫరీ ఏం చూడలేదు, అన్నీ. కళ్లు మూసుకుని వినేదాన్ని. "అలిసిపోతే చెయ్యెత్తమ్మా, ఆపీస్తాను" అనేవారు. ఒకటి రెండుసార్లు ఆట మధ్యలోనే చెయ్యెత్తాను. ఎవరు గెలిచారో కూడా చెప్పకుండా లేచి వెళ్లిపోయారు.

ఇంటికి వేల మైళ్ల దూరంలో నన్ను ఆగమన్నది ఆయనొక్కరే. నా వెనక అంత లైను ఉన్నా, ఆయనకు మాత్రం నా స్థానంలో ఇంకొకరు లేరు. ఈ మాట ఆయన బతికుండగా చెప్పలేదు.

ఆ వసంతంలో ఒకరోజు తన ఫోన్ తెచ్చి నా ముందు పెట్టారు. కొడుక్కి మెసేజ్ పెట్టాలి, ఇంగ్లిష్ తప్పుల్లేకుండా చూడమన్నారు. ఏం రాయాలని అడిగాను. చాలాసేపు ఆలోచించారు. క్షమాపణ అడుగుతారేమో అనుకున్నాను. చివరికి చెప్పింది ఇదీ: "మీ కాల్గరీ గోల్‌కీపర్ ఈ ఏడు బాగా ఆపుతున్నాడు."

"ఇంతేనా అంకుల్?"

"ఇంతే. మిగతాది వాడికి తెలుసు."

మర్నాడు పొద్దున్న జవాబొచ్చింది. మాటలేమీ లేవు. ఒక బొటనవేలి బొమ్మ. అందరూ పెట్టేదే, పసుపు రంగుది. అంకుల్ దాన్ని చూసి ఫోన్ బల్ల మీద బోర్లించారు. ఆంటీ వెంటనే, "వాడు మామూలుగానే పెట్టుంటాడండీ. అందరికీ అదే పెడతాడు, నాకూ అదే పెడతాడు" అన్నారు. ఆయన తలూపి, చెప్పులేసుకుని, బయటికెళ్లి నడుస్తూనే ఉన్నారు. మళ్లీ మెసేజ్ పెట్టలేదు. ఆ అబ్బాయి ఏ అర్థంతో పెట్టాడో అడిగే ధైర్యం ఆ ఇంట్లో ఎవరికీ లేకపోయింది. నాతో సహా.

శుక్రవారం అంత్యక్రియలు జరిగాయి. హామిల్టన్ వెళ్లాను. ఫ్యూనరల్ హోమ్‌లో ముందు వరసలో ముప్పై అయిదేళ్ల మనిషి ఒకరు నల్ల కళ్లద్దాలు పెట్టుకుని కూర్చున్నారు. భుజాలు అచ్చం అంకుల్‌వే. ఆంటీ నా చెయ్యి పట్టుకుని, "మావాడు జనంలో ఎక్కువసేపు ఉండలేడమ్మా, కాస్త పక్కనుండు" అన్నారు. అంతా అయ్యాక ఆయన్ని వెనక గదిలోకి తీసుకెళ్లాను. లైట్లు ఆర్పేశాను. కాసేపటికి ఆయన ఇంగ్లిష్‌లో అడిగారు, నాన్న నా గురించి ఎప్పుడైనా చెప్పేవారా అని.

దాచడానికి నాకు హక్కు లేదనిపించింది. ఎమర్జెన్సీలో విన్నదంతా చెప్పాను. బొటనవేలు సంగతి కూడా.

ఆయన తల అడ్డంగా ఊపి అన్నారు: "నేను ఆయన్ని అడగడానికి పైకి చూడలేదు. ఆపుతారేమోనని భయపడి చూశాను. ఆపినా దిగేవాణ్ణే. నాకు పదహారేళ్లు, నాకు ఆడాలని ఉంది. ఆయన మీద నాకెప్పుడూ కోపం లేదు."

"మరి ఎందుకు మాట్లాడలేదు?"

"నాకు తలనొప్పి వచ్చిన ప్రతిసారీ ఆయన ముఖం ఒకలా అయిపోయేది. నేను ఎదురుగా ఉన్నంతకాలం ఆయన అలాగే ఉంటారనిపించింది. దూరంగా ఉంటే మర్చిపోతారనుకున్నాను."

తలుపు దగ్గర ఆంటీ నిలబడి ఉన్నారు. ఎప్పుడొచ్చారో మేం చూడలేదు. ఆ మాటలన్నీ విన్నారని ఆమె ముఖం చూస్తే తెలిసింది. "పద నాన్నా, కారు వచ్చింది" అన్నారంతే.

బయట ఎండ కాస్తోంది. పార్కింగ్ లాట్ నిండా కొత్త మంచు పడి, కళ్లు తెరవలేనంత తెల్లగా మెరుస్తోంది. నల్ల కళ్లద్దాల వెనక కూడా ఆయన కళ్లు గట్టిగా మూసుకుని గుమ్మంలోనే ఆగిపోయారు. ఆంటీ తన శాలువా తీసి, పొడుగాటి కొడుకు తల మీదుగా ముఖం మీదికి దింపి కప్పారు. ఆయన వంగారు. చలిలో పల్చటి చీరతో ఆమె ఆయన మోచెయ్యి పట్టుకుని ముందు నడుస్తుంటే, ఏమీ కనపడని ఆ మనిషి ఒక్కో అడుగూ తడుముకుంటూ, మంచు మీద జారకుండా, ఆమె వెనకే నడిచారు.