బియ్యం డబ్బాలో నీలం పొడి

గ్లాసు ముంచుదామని బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టాను. వేళ్ళకు చల్లగా గాజు తగిలింది. పైకి తీస్తే చిన్న సీసా, లోపల ముదురు నీలం పొడి. పక్క గదిలో పిల్లలిద్దరూ ఆడుకుంటున్నారు. మధ్యాహ్నం వాళ్ళు తిన్నది ఈ డబ్బాలో బియ్యమే.

సీసా మావారిది. కాలేజీ ల్యాబ్‌లో ఆయన రీసెర్చ్ అంతా ఆ పొడి మీదే. లోహాన్నీ కర్బన పదార్థాన్నీ కలిపి, లోపల కంటికి కనబడని గదులుండేలా తయారుచేస్తారు. పొగలోని కార్బన్ డయాక్సైడ్ ఆ గదుల్లో చిక్కుకుంటుందట.

"ఏంటండీ ఇది?" సీసా ఆయన ముఖం ముందు పెట్టాను.

"అయ్యో, పడేస్తావ్! రేపు బాపట్ల తీసుకెళ్ళి, ఎంత గ్యాసు పట్టుకుంటుందో మిషన్ మీద చూడాలి. చెమ్మ తగిలితే గదుల్లో నీళ్ళు చేరిపోతాయి, గ్యాసుకి చోటుండదు. అందుకే బియ్యంలో పెట్టా. నా ఫోన్ తడిసినప్పుడు నువ్వే పెట్టావుగా!"

"ఫోన్లో విషం లేదండీ. ఇందులో ఏ లోహం?"

ఆయన ఒక్క క్షణం ఆగారు. "రాగి. మన రాగి చెంబులో ఉండేదే."

ఆ ఆగడమే నాకు నచ్చలేదు. డిగ్రీలో కెమిస్ట్రీ చదివినదాన్ని. చెంబు వేరు, పొడి వేరు. పిల్లల్ని పిలిచి నాలుకలు చాపమన్నాను. కడుపునొప్పి ఉందా అని అడిగాను. నేనడిగాక చిన్నది ఉందంది. "ఐస్‌క్రీమ్ తింటే తగ్గుద్దమ్మా" అని కూడా అంది.

"మూత ఊడలేదే, నమ్ము."

"ఎలా నమ్మమంటారు?"

ఆయన చిటికెడు పొడి కాగితం మీద వేసి చటుక్కున మూత బిగించారు. ముసురు పట్టి తెనాలి గాలి తడితడిగా ఉంది. చూస్తుండగానే ముదురు నీలం కాస్తా పాలిపోయి లేత రంగుకు దిగింది. మూత వదులై ఉంటే సీసాలోదీ ఇలాగే అయ్యేది. అది మాత్రం ముదురుగానే ఉంది.

రుజువు బాగానే ఉంది. నా మనసే ఒప్పుకోలేదు. సీసా బయట అంటుకున్నదాని మాటేంటి?

"తుడిచే పెట్టా" అన్నారు, మళ్ళీ కాస్త ఆగి.

రేపల్లె నుంచి అమ్మ పంపిన బియ్యమంతా సంచిలోకి వంపి మూతి కట్టేశాను.

ఉదయం ఆయన బాపట్ల బస్సెక్కాక పిల్లలిద్దర్నీ కూర్చోబెట్టి చెప్పాను: "వంటింట్లో తెలియనిది ఏం కనిపించినా ముట్టుకోకుండా నన్ను పిలవండి. నాన్నని అడక్కండి. ఏం కాదంటారు."