తళకు దేఖ

ఒరిస్సా జయపురంలో షావుకారు చంద్రశేఖరం గారి బట్టల కొట్లో గుమాస్తా గణపతిరావుకు ఒడియా వచ్చునని మేమంతా నమ్మేవాళ్లం. అందరికంటే గట్టిగా ఆయనే నమ్మాడు. ధర, గజం, రంగు. ఈ మూడింటి చుట్టూ ఎంత ఒడియా తిరుగుతుందో అంతా వచ్చు. 1952లో షావుకారు కొట్పాడ్‌లో రెండో కొట్టు పెట్టబోతున్నాడు. దానికి ఒడియా వచ్చినవాడు కావాలి. పన్నెండేళ్లు నిలబడి గుడ్డ చించినవాడికి గల్లా ముందు కూర్చునే యోగం అదొక్కటే. కొత్త చెప్పులు కూడా కొనేశాడు.

ఆ శివరాత్రికి షావుకారు ఇంటిల్లిపాదినీ, కొట్టువాళ్లమైన మమ్మల్నీ గుప్తేశ్వరం గుహకు తీసుకెళ్లాడు. లోపల కప్పు నుంచి సున్నపురాళ్లు ఆవు పొదుగుల్లా వేలాడుతూ చుక్కచుక్కా నీళ్లు కారుస్తున్నాయి. దివిటీ పట్టుకుని ముందు నడుస్తున్న కొండమనిషి ఒకచోట ఆగి వెనక్కి తిరిగాడు.

"తళకు దేఖ, తళకు దేఖ."

"ఏటంతన్నాడు, గణపతీ?" అన్నాడు షావుకారు.

"తల సూసుకోమంతన్నాడు బాబూ. పైన రాళ్లున్నాయి గదా. అమ్మగారూ, తల జాగర్త."

షావుకారు తల్లి అమ్మన్నమ్మ గారు రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని, పైరాళ్లనే చూస్తూ అడుగు వేసింది. అడుగు కింద నేల లేదు.

దివిటీవాడు ఏడుపు మొహంతో గొయ్యి చూపిస్తూ మళ్లీ అదే మాట అన్నాడు. ఒడియాలో తళ అంటే కింద.

"నా తల బాగానే ఉందిరా, గణపతీ," అంది గోతిలోంచి అమ్మన్నమ్మ గారు. విరిగింది తుంటి.

ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత అందరం నవ్వాం. గుహ ఆ నవ్వును రెండింతలు చేసి తిరిగిచ్చింది.

ఆవిడ మళ్లీ నడవలేదు. షావుకారు గణపతిరావును తిట్టలేదు, పని మాన్పించనూ లేదు. బేరం జోరుగా ఉన్నప్పుడల్లా కొట్టు నిండా జనం వినేలా అడిగేవాడు.

"గణపతీ, తళకంటే ఏటి?"

"కింద బాబూ."

"మరి నువ్వెక్కడుండాల?"

"కిందే బాబూ."

దసరాకి కొట్పాడ్ కొట్టు తెరిచారు. గల్లా ముందు ఒడియా బాగా వచ్చిన గుణుపురం కుర్రాడు అప్పలనరసింహం కూర్చున్నాడు. గణపతిరావు తలమీద బట్టలమూటతో లోపలికి వచ్చాడు.

"దింపు మావా," అన్నాడు అప్పలనరసింహం.

"అలాక్కాదు," అన్నాడు షావుకారు. "ఒడియాలో సెప్పు."

అప్పలనరసింహం తల దించుకుని, "తళకు," అన్నాడు.

గణపతిరావు మూట దించలేదు. రెండు చేతులతో దాన్ని నెత్తిమీదే పట్టుకుని, షావుకారు వైపు చూశాడు.

"నాకు ఒడియా రాదు బాబూ," అన్నాడు.