కాగితం మీద పెద్దదాన్ని

నాకు యాభై ఒకటి. పాస్‌పోర్టులో మాత్రం అరవై. ఈ తొమ్మిదేళ్ళ తేడాతోనే నేను కువైట్ వెళ్ళాను. మొన్న వెనక్కు వచ్చింది కూడా ఈ తేడా వల్లే.

రాయచోటిలో ఏజెంటు మా అమ్మతో అన్న మాట ఇంకా గుర్తుంది. "ముప్పై నిండని ఆడమనిషిని ఇంటిపనికి పంపనీరు అక్కా. పాపకు ముప్పై అని రాపిస్తా. నువ్వు గమ్మునుండు." అప్పటికి నాకు ఇరవై ఒకటి, అమ్మకు ముప్పై ఎనిమిది. అంటే ఎనిమిదేళ్ళ పిల్ల నన్ను కన్నదన్నమాట. ఆ లెక్క చెబితే అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వింది. ఏడో తరగతి సర్టిఫికెట్లో అసలు తేదీ ఉందని దాన్ని పొయ్యిలో పెట్టమన్నాడు ఏజెంటు. నా చేత్తో నేనే పెట్టాను. బుద్ధి ఉన్నవాళ్ళు చేసే పనేనా?

పధ్నాలుగేళ్ళు ఒక ఇంట్లో చేశాను. ఆ ఇంటి యజమానురాలు, మేం మామా అనేవాళ్ళం, మంచి మనిషి. వేరేచోట పనికి పోతానని అడగ్గానే రిలీజ్ ఇచ్చింది. అప్పటినుంచి బ్నీద్ అల్ గార్‌లో ఒక పిల్లల నర్సరీలో ఆయాగా చేశాను. ఎంత ఏడ్చే పిల్లయినా నా భుజం మీద పది నిమిషాల్లో నిద్రపోవాల్సిందే. గొప్ప కోసం చెప్పడం లేదు, నాకు వచ్చిన విద్య అదొక్కటే.

నర్సరీలో నాతోపాటు ఒక ముస్లిం ఆమె ఉండేది. పెద్దదని ఆమెను ఆపా అని, అంటే అక్క అని, పిలిచేదాన్ని. ఆమెదీ రాయచోటే. మంచాన పడిన మొగుడి మందులన్నీ ఆమె జీతం మీదే. ఆమెను కువైట్‌కు రప్పించింది నేనే. మా మామా చెల్లెలు తన ఇంట్లో పనికి మనిషి కావాలంది, ముప్పై దాటకూడదంది. మన దేశంలోనేమో ముప్పై నిండితే తప్ప పంపరు. అందుకే ఆ రోజుల్లో విమానమెక్కిన మా ఊరి ఆడవాళ్ళందరికీ సరిగ్గా ముప్పయ్యే. ఆపాకు అప్పటికి నలభై రెండు. "నాకు పెంచినోడు నీకు తగ్గించలేడా? ముప్పై అని రాపించు ఆపా" అని ఫోన్లో నవ్వుతూ సలహా ఇచ్చాను. పద్దెనిమిదేళ్ళు గడిచాయి. ఆమెకు అరవై నిండాయి, కాగితం మీద నలభై ఎనిమిది. నేను నర్సరీకి మారిన కొన్నాళ్ళకు ఆమెనూ అక్కడికే తెచ్చుకున్నాను. ఈమధ్య ఆమె మోకాళ్ళు పట్టేస్తుంటే పై అంతస్తు పిల్లలను కూడా నేనే చూసేదాన్ని.

ఒకరోజు మేనేజర్ మేడం నన్ను పిలిచింది. హైదరాబాద్ ఆమె, మాతో తెలుగే మాట్లాడేది. "ఓనర్ చెప్పిండు. అరవై దాటినోళ్ళ ఇఖామా ఇగ రెన్యూ చెయ్యొద్దంట. నీది వచ్చే నెల ఖలాస్. నిన్ను పంపుడు నాకేం ఇష్టమా చెప్పు."

ఇఖామా అంటే అక్కడ ఉండనిచ్చే కాగితం, అది లేకపోతే పనీ లేదు. మా అమ్మాయి నర్సింగ్ ఇంకా రెండేళ్ళుంది. ఆ రెండేళ్ళు ఎట్లాగైనా లాగుదామని పంటి బిగువున ఉన్నాను.

సాయంత్రం బిడ్డను తీసుకుపోవడానికి ఒక విజయవాడ ఇంజనీరమ్మ వచ్చింది. నా మొహం చూసి ఏమైందని అడిగితే చెప్పేశాను. "అలా ఎలా పంపేస్తారండీ? వయసు చూసి ఉద్యోగంలో తేడా చూపకూడదని ఇక్కడ కూడా ఉత్తర్వు ఉంది. లేబర్ ఆఫీసులో కంప్లయింట్ ఇద్దాం, నేను రాసిపెడతాను" అంది. నాకు ప్రాణం లేచొచ్చింది. హక్కు అనే మాట నా గురించి వినడం అదే మొదటిసారి.

బస్సులో ఆపాకు చెప్పాను. అర్దియాలో ఆమె దిగే స్టాపు దగ్గరపడ్డాక, "కంప్లయింటు పెడితే ఆఫీసోళ్ళు అందరి కాగితాలూ సూస్తారా చెల్లీ? నాకు బయమైతాంది" అంది.

నాకు ఒళ్ళు మండింది. నా పని పోతుంటే ఈమె గోల ఈమెది. కిటికీ వైపు తిరిగాను. ఆమె సీటు కమ్మీ పట్టుకొని లేచి, ఒక్కో మెట్టు మీద ఆగుతూ దిగింది. దిగాక నాకోసం చెయ్యి ఊపింది. నేను ఊపలేదు. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

రాత్రి ఆపా భయం గుర్తొచ్చి కంప్లయింటు వద్దనుకున్నాను. మేడంకు నిజం చెప్పేస్తే చాలు, ఆమే ఓనర్‌తో మాట్లాడి ఏదో దారి చూపిస్తుందనుకున్నాను. మర్నాడు ఆమె గదిలోకి పోయి, ఏజెంటునూ పొయ్యిలో కాలిన సర్టిఫికెట్‌నూ ఒక్కటీ దాచకుండా చెప్పాను. "నాకు యాభై ఒకటే మేడం."

ఆమె నమ్మినట్టే ఉంది. "నిన్ను జూస్తే నాకూ అరవై అనిపియ్యలే. పాస్‌పోర్టు సరిచేయించుకుంటవని ఓనర్‌కు చెప్త. మరి నీ ముచ్చట నిజమని ఎవరు చెప్తరు? మీ ఊరామె ఉంది గదా, పిలుస్త."

ఆపా వచ్చి తలుపు దగ్గర గోడకు చెయ్యి ఆనించి నిలబడింది. మేడం తన ముందున్న ఫైలు తిప్పి ఒక కాగితం దగ్గర ఆగింది.

"ఒక్కటి సమజైతలేదు. నీకు యాభై ఒకటే అనుకుందాం. ఈమెకు నలభై ఎనిమిది. ఇన్నేండ్ల సంది ఈమెను ఆపా అని పిలుస్తున్నవ్. చిన్నదాన్ని ఎవరన్న ఆపా అంటరా? ఈమెకు అసలు ఎంత?"

రోజుకు వందసార్లు అందరిముందూ పిలిచిన పిలుపది. నోరు జారానని కూడా ఎప్పుడూ అనిపించలేదు. పెద్దదాన్ని మరేమని పిలుస్తాం?

ఆపా నా వైపు చూడలేదు, నేల చూస్తోంది. అరవై ఏళ్ళ మనిషిని పంపాలంటే ఆ గదిలో ఒకరున్నారు. ఆ ఒకరు నేను కాదు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"అబద్ధం చెప్పాను మేడం" అన్నాను. "పని పోతుందని చెప్పాను. నాకు అరవయ్యే. మా ఊళ్ళో తురక ఆడవాళ్ళను చిన్నా పెద్దా లేకుండా ఆపా అనే అంటాం. మర్యాదకు."

మేడం ఫైలు మూసింది. "ఇంత ఉమర్ వచ్చినంక అబద్ధాలు చెప్తరా?" అంది. ఆమె నన్ను అట్లా మాట్లాడటం ఎప్పుడూ వినలేదు. తల కొట్టేసినట్టయింది.

ఆ నెలంతా ఆపాతో సరిగా మాట్లాడలేదు. ఆమె నా కోసం డబ్బాలో పలావు తెచ్చి పెట్టేది, నేను తినేదాన్ని. ఇద్దరం ఆ రోజు సంగతి ఎత్తలేదు.

ఫ్లైటుకు ముందు రోజు యూనిఫాం అప్పగించడానికి నర్సరీకి పోయాను. ఆపా పైనుంచి దిగుతోంది, చంకలో ఏడుస్తున్న బిడ్డ. ఇప్పుడు పై అంతస్తు కూడా ఆమెదే. నేను బిడ్డను అందుకోబోయి చెయ్యి వెనక్కు తీసుకున్నాను. మేడం ఆఫీసు తలుపు దగ్గర నిలబడి మమ్మల్ని చూస్తోంది.

"పోయొస్తా చెల్లీ" అన్నాను.

నాకంటే తొమ్మిదేళ్ళు పెద్దదామె. కళ్ళనీళ్ళు తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు.

"పోయి రా అక్కా" అంది.