తలుపు మీద సుద్ద అంకెలు

పోయిన మంగళవారం పొద్దున మా కింది ఇంటి సారు చనిపోయారు. ఆయన భార్య, ఆంటీ, మెట్లెక్కి వచ్చి, తలుపు కొట్టకుండా బయటే నిలబడింది. నేను పాలు దించుతున్నాను. “మీ సారు పోయినాడు మా” అంది. “ఆ కొలత టేపు నీకియ్యమన్నాడు” అని కూడా అంది. మధ్యాహ్నానికల్లా ఆయన్ని కుప్పం దగ్గర గుడుపల్లెకు, వాళ్ళ సొంత ఊరికి తీసుకుపోయారు.

భూమి లోపల నీళ్ళు ఎంత లోతున ఉన్నాయో కొలవడం ఆయన ఉద్యోగం. కుప్పంలో మొదలుపెట్టి, పుంగనూరులో చాలా ఏళ్ళు చేసి, మదనపల్లెలో రిటైరై, అక్కడే ఉండిపోయారు. మేము పై వాటాలో అద్దెకు దిగేనాటికి ఆయనకు పని లేదు. పొద్దున పేపరు చదివేవారు, సాయంత్రం గేటు దగ్గర కుర్చీ వేసుకునేవారు. నేను ఎక్కువ మాట్లాడను. ఆయనా మాట్లాడేవారు కాదు. అందుకే మాకు కుదిరింది. నేను పనిచేసే కాలేజీ లైబ్రరీ నుంచి పుస్తకాలు తెస్తే, అట్ట వేసి తిరిగి ఇచ్చేవారు.

ఒకరోజు పేపరు పట్టుకుని మెట్ల దగ్గర నన్ను ఆపారు. పుంగనూరు నుంచి పలమనేరు పోయే దారిలో ఒక ఊరి పక్కన డేటా సెంటర్ వస్తుందని అందులో ఉంది.

“ఇదేంది మా? ఫ్యాక్టరీనా?”

“పెద్ద పెద్ద కంప్యూటర్లు పెడతారు సార్. మన ఫోన్లలో చూసేవన్నీ వాటిలో ఉంటాయి. ఆపకుండా నడుస్తాయి, వేడెక్కుతాయి. చల్లబరచడానికి నీళ్ళు కావాలి.”

“కరెంటు?”

“ఒక్క నిమిషం కూడా పోకూడదు.”

ఆయన పేపరు మడిచారు. “మనోళ్ళ మోటర్లకు వంతులేసి ఇస్తారు. దానికి వంతు లేదన్న మాట” అన్నారు.

ఆ నెలలోనే, ఉద్యోగంలో ఆయన నీటి లోతు కొలిచిన ఉక్కు టేపు అటక మీంచి కిందికి దిగింది. ఆ ఊరి చుట్టూ మోటరు తీసేసిన పాత బోర్లు నాలుగు ఎంచుకుని, నెలకోసారి మొదటి బస్సుకు పోయి కొలిచి రావడం మొదలుపెట్టారు. ఎవరూ చెప్పిన పని కాదు. ఆంటీ నవ్వేది. “ఇంటి మీద ట్యాంకులో నీళ్ళుండాయో లేదో సూడడు, ఊరోళ్ళ బోర్లు సూసేదానికి పోతాండాడు” అనేది. ఆయన నాతో మాత్రం ఒక మాట చెప్పారు. “అది రాకముందు ఎంతుండిందో రాసి పెట్టుకోకపోతే, వచ్చినాక ఎంత పోయిందో ఎవురు చెప్తారు మా?”

నేను ఒక సెలవు రోజు ఆయనతో వెళ్ళాను. చాక్‌పీసులు లైబ్రరీ నుంచి నేనే తెచ్చాను. టేపు చివర సీసపు గుండు ఉంటుంది. దాని పైన కొన్ని అడుగుల మేర సుద్ద రుద్ది, బోరులోకి దించుతారు. పైకి లాగితే నీళ్ళలో మునిగినంత మేర సుద్ద రంగు మారి ఉంటుంది. దించిన కొలతలోంచి ఆ తడి తీసేస్తే నీటి లోతు. అంతే. కానీ రైతుల కరెంటు రాకముందే కొలవాలి. చుట్టుపక్కల మోటర్లు తిరగడం మొదలైతే మట్టం కిందికి జారుతుంది, కొలత తప్పుతుంది. టేపు దించేటప్పుడు ఆయన మాట్లాడనిచ్చేవారు కాదు. తల వంచి, గుండు నీళ్ళను తాకే చప్పుడు కోసం వినేవారు.

కొలత రాగానే మిగిలిన సుద్దముక్కతో, ఆ బోరు గల వాళ్ళ మోటరు షెడ్డు తలుపు లోపలి వైపు అంకె వేసేవారు. ఉద్యోగంలో ఉన్నప్పటి అలవాటు. ఆఫీసుకు పోయే కాగితంలోని అంకె, నీళ్ళు గలవాళ్ళకూ తెలియాలని.

మేము మొదట కొలిచిన పాత బోరు ఒక పెద్దామెది. పక్కనే ఉన్న ఆమె కొత్త బోరు మోటరు ఆ షెడ్డులోనే ఉంది. టమాటా మడిలోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

“నీళ్ళుండాయో లేదో నాకు మోటరే చెప్తాది సారూ. దానికి నువ్వు తాడేసి సూడల్లనా?”

“మోటరు నీకొక్కదానికే చెప్తాది. నేను రాసేది అందురికీ.”

“రాసుకో, రాసుకో. రాస్తే ఊరుతాయేమో సూస్తాం” అని, మా ఇద్దరి సంచుల్లో చెరో దోసెడు టమాటాలు పోసింది.

తరువాత డేటా సెంటర్ల నీటికీ కరెంటుకూ రాష్ట్రం నియమాలు రాస్తోందని తెలిసింది. ముసాయిదా ఇంగ్లీషులో ఉంది. నేను చదివి తెలుగులో చెప్పాను. ఎంత నీళ్ళు, ఎంత కరెంటు వాడారో కంపెనీయే కొలుచుకుని ఏడాదికోసారి ప్రభుత్వానికి తెలపాలి అన్న చోట ఆయన చెయ్యెత్తి ఆపారు.

“కల్లు తాగినోణ్ణే ఎంత తాగినావని అడిగితే ఎట్లా మా?”

ఆయన అడిగినవి రెండే. చుట్టుపక్కల ఊళ్ళ బోర్లను, కట్టడం మొదలుకాక ముందు నుంచే, కంపెనీకి సంబంధం లేని మనిషి నెలనెలా కొలవాలి. ఆ అంకెను ఊళ్ళో గోడ మీద తెలుగులో రాయాలి. నేను ఒక్క పేజీలో రాశాను. “రెండో పేజీ ఎవురూ సదవరు” అని ఆయనే అన్నారు.

ఆ ఊరి బడి ఆవరణలో డేటా సెంటర్ మీద ప్రజాభిప్రాయ సేకరణ పెట్టారు. అప్పటికే ఆయన గుండెకు బాగాలేదు, డాక్టరు ప్రయాణం వద్దన్నారు. “నువ్వు సదువు మా. నీ మాట తేటగా ఉంటాది” అన్నారు సారు. నేను సరేనన్నాను.

షామియానా కింద పెద్దామె పక్కనే కూర్చున్నాను. మైకులో నా పేరు పిలిచారు. కాగితం నా ఒడిలో ఉంది. రెండోసారి పిలిచారు. పెద్దామె మోచేత్తో పొడిచింది. “లెయ్యి మా, నిన్నే.” నేను లేచి, మైకు దాటి, బల్ల దగ్గరికి పోయాను. “చదువుతారా అమ్మా?” అని అధికారి మర్యాదగానే అడిగారు. నేను తల అడ్డంగా ఊపి, కాగితం ఇచ్చి వచ్చేశాను. కాన్వెంటులో పన్నెండేళ్ళు చదివాను. అడగకుండా మాట్లాడకూడదని నేర్చుకున్నాను. అడిగినప్పుడు మాట్లాడటం రాలేదు.

సాయంత్రం సారు మంచం దగ్గర నిలబడ్డాను.

“సదివినావా?”

“ఇచ్చి వచ్చాను సార్.”

ఆయన ఫ్యాను వైపు చూశారు. “సరే. కాగితం ఆడుంటాది గదా” అన్నారు. తరువాత ఆంటీని పిలిచి, నాకు కాఫీ ఇమ్మన్నారు. మళ్ళీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. ఎత్తి ఉంటే నాకు కొంచెం నయంగా ఉండేది.

ఆనాటి సభ వివరాలు తరువాత బయటికొచ్చాయి. లైబ్రరీలో కూర్చుని చదివాను. మైకులో మాట్లాడిన ప్రతి ఒక్కరి మాటా, దాని ఎదురుగా కంపెనీ జవాబూ ఉన్నాయి. ఒకాయన రోడ్డు గురించి అడిగారు, జవాబుంది. ఒకాయన ఉద్యోగాల గురించి అడిగారు, జవాబుంది. మా సారు కాగితం మాత్రం చివర్లో, జతపరిచిన వాటిలో ఉంది. దాని ఎదురుగా ఏమీ లేదు. నియమాలు ఇంకా ఖరారు కాలేదు. ఇది నేను ఆయనకు చెప్పలేదు.

అప్పటికి ఆయన గేటు దాకా కూడా రాలేకపోతున్నారు. మూడు నెలలు టేపు బోరులోకి దిగలేదు. “ఈ నెల కొలిచేదానికి ఎవురన్నా పోయినారా మా?” అని మాత్రం అడిగేవారు. ఎవరన్నా అంటే నేనే. కాలేజీలో పరీక్షలున్నాయని చెప్పాను. లైబ్రరీలో పనిచేసేవాళ్ళకు పరీక్షలేముంటాయో ఆయనకు తెలుసు.

మొన్న ఆదివారం మొదటి బస్సుకు వెళ్ళాను. పెద్దామె మడి గట్టు మీద ఉంది. నా చేతిలో టేపు చూసి, నా వెనక దారి చూసింది.

“సారేడి?”

చెప్పాను. ఆమె గట్టు మీదే కూలబడి, కొంగుతో మొహం ఒత్తుకుంది. తరువాత ఆకాశం వైపు చూసింది. “కరెంటొచ్చే టయిమైతాండాది. కొలువు మా.”

సుద్ద రుద్దాను. దించాను. తల వంచి విన్నాను. ఆయన ఆఖరిసారి కొలిచినప్పటి కంటే నీళ్ళు లోపలికి పోయాయి. కంపెనీ ఇంకా ఒక్క చుక్క తీసుకోలేదు. కాబట్టి అది ఎండ తిన్నదే అనుకోవాలి. ఏ నెలలో ఎంత పోయిందో మాత్రం ఇక ఎవరూ చెప్పలేరు.

షెడ్డు తలుపు లోపల ఆయన అంకెలు ఒకదాని కింద ఒకటి ఉన్నాయి. వాటి కింద మూడు వరుసల చోటు వదిలి, నా అంకె వేశాను. తెరిచిన తలుపు అవతల, పొలాల మీదుగా కంపెనీ పాతిన కొత్త కంచె రాళ్ళు కనిపిస్తున్నాయి. అంతలో కరెంటొచ్చింది. షెడ్డులో మోటరు అందుకుంది. రేకు తలుపు సన్నగా వణికింది. ఆయన అంకెలు రేకుకు పట్టుకుని ఉన్నాయి. నా అంకె నుంచి సుద్ద పొడిపొడిగా కిందికి రాలుతూ ఉంది.