ఆఖరి సబ్బు

నిన్న సాయంత్రం నాలుగూ ఇరవైకి బేస్‌మెంట్ అలమరలోంచి ఆఖరి సబ్బు తీశాను. కాగితం విప్పితే వాసన దాదాపు లేదు. అది మా ఆవిడ కొన్నది. ఆమె పోయి రెండేళ్లయింది.

ఆమె సోవియట్ దేశంలో మెడిసిన్ చదివింది. దుకాణాల్లో కొనడానికి సరుకు దొరక్క జనం దగ్గర డబ్బు పేరుకుపోయిన రోజులవి. ఆమె చదువు పూర్తికాకముందే ఆ వ్యవస్థ కూలింది, ధరల మీద అదుపు ఎత్తేశారు. దాచుకున్న డబ్బు కొద్ది వారాల్లో ఎందుకూ కొరగాకుండా పోయింది. కెనడాలో, ఒంటారియోలోని ఈ లండన్‌కి వచ్చి, ఆసుపత్రిలో కుదురుకున్నాక కూడా, జీతం పడిన రోజే సబ్బులు, ఉప్పు, పంచదార కొని బేస్‌మెంట్‌లో పేర్చేది.

నేను యూనివర్సిటీలో ఎకనామిక్స్ చెప్పేవాణ్ణి. ప్రణాళికల నుంచి మార్కెట్‌కి మారిన దేశాల్లో జనం ఎంత డబ్బు తమ దగ్గర ఉంచుకోవాలనుకుంటారన్నది నా పరిశోధన. ధరలు పెరుగుతాయన్న భయం ఉంటే ఎవరూ డబ్బు ఉంచుకోరు, సరుకు కొనేస్తారు. దీనికి ఉదాహరణ నాకు ఇంట్లోనే దొరికింది.

ఒక ఆదివారం స్నేహితులు భోజనానికి వచ్చారు. ఒకాయన కింద నుంచి కుర్చీలు తెస్తూ, మా ఆవిడతో, "డాక్టర్ గారూ, కింద కిరాణా కొట్టే పెట్టారు. బోర్డు ఒక్కటే తక్కువ," అన్నాడు.

"ఇన్నేళ్లయినా మా ఆవిడ డబ్బుని నమ్మదండీ," అన్నాను. "నా సిద్ధాంతానికి ఆవిడే రుజువు."

అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. "పప్పు కూడా ఆ రుజువే చేసింది. ఇంకొంచెం వేసుకోండి," అంది.

వాళ్లు వెళ్లాక గిన్నెలు కడుగుతూ చెప్పింది.

"అక్కడ చదువుతుండగా, అక్కకి బాగాలేదని ఇంటి నుంచి ఉత్తరం వచ్చింది. టికెట్ కోసం స్టైపెండ్‌లో రెండేళ్లు దాచాను. ఇంకొక్క నెల ఆగితే సరిపోయేది. ఈలోపు ధరలు వదిలేశారు. ఆ డబ్బుకి సబ్బులు వచ్చాయి, అవే కొన్నాను. అక్క పోయింది."

"అది ఏ నెల?" అని అడిగాను.

నేను అడిగింది అదొక్కటే. ఆ దేశంలో ధరలు నెలనెలా ఎలా పెరిగాయో చూపించే పట్టిక నా దగ్గర ఉంది. అందులో ఆమె చెప్పినది ఎక్కడ పడుతుందో చూడాలనిపించింది. ఆమె నెల చెప్పి, చేతులు తుడుచుకుని మేడ మీదికి వెళ్లిపోయింది.

నా వ్యాసంలో అది రెండు లైన్ల ఫుట్‌నోట్ అయింది. ఒక విద్యార్థిని ప్రయాణానికి దాచిన మొత్తంతో సబ్బులు కొన్నదని రాశాను. అక్క గురించి రాయలేదు, అనవసరం అనుకున్నాను. నా ప్రూఫులు ఎప్పుడూ ఆమే దిద్దేది. ఆ పేజీ కూడా దిద్దింది. ఒక కామా తీసేసింది.

ఆ అక్కకి ఏం జబ్బో, ఈమెకన్నా ఎన్నేళ్లు పెద్దో తర్వాత కూడా నేను అడగలేదు. ఇప్పుడు అడగడానికి ఎవరూ లేరు.

నా పెన్షన్ నెల మొదట్లో పడుతుంది. అది బ్యాంకులోనే ఉంటుంది. ఆ రోజున ఈ ఇంట్లో ఇప్పుడు ఎవరూ సబ్బులు కొనరు.