క్యాసెట్ చివర్లో అమ్మ

అప్పుడు నాకు ఇరవై ఆరేళ్లు. మెదక్‌లో రేడియోలు బాగుచేసే షాపు నాది. తూప్రాన్ సంబంధం వాళ్లు, "ఫోటో వద్దు. పిలగాడు రోజూ ఎట్లుంటడో వీడియో తీసి తెండ్రి" అన్నారు. పెళ్లిళ్ల వీడియోలు తీసే స్నేహితుణ్ణి పిలిచాను. పక్కింటి స్కూటర్ తుడుస్తూ, రోజూ అమ్మ చల్లే వాకిట్లో నేనే నీళ్లు చల్లుతూ ఐదు నిమిషాలు తీయించుకున్నాను. ఒకసారి చూసుకోను కూడా లేదు.

క్యాసెట్ పట్టుకుని అమ్మా నేనూ వెళ్లాం. వాళ్లు వీసీఆర్ కిరాయికి తెచ్చారు. చుట్టాలంతా మెచ్చుకుంటూ చూశారు. అయిపోయిందనుకున్నాను. మావాడు కెమెరా ఆపలేదని అప్పుడే తెలిసింది. టీవీలో అమ్మ నాకు చాయ్ తెస్తోంది.

"గా చినిగిన చీరతోని ముంగటికి రావద్దన్న గదా! నిన్ను జూస్తె పిల్లనెవలిస్తరు? అవుతలికి పో!"

ఆ అరుపు నాదే. నా పక్కన కొత్త చీరలో కూర్చున్న అమ్మ తల వంచుకుంది.

పిల్ల తండ్రి లేచి టీవీ ఆపేశాడు. "చాయ్ సల్లారుతుంది, తాగుండ్రి అక్కా" అని అమ్మతోనే అన్నాడు. నావైపు చూడలేదు.

తిరుగు బస్సులో అమ్మ, "నాదే తప్పు బిడ్డా, చూడకుంట అడ్డమొచ్చిన" అంది.

నేను రోజూ ఎట్లుంటానో చూడాలనుకున్నారు వాళ్లు. చూశారు.